మూలము : గుడిలోను గణితములోను ఒక మాట చరిత్ర

ఒకే మాట పలుచోట్ల పలు అర్థములతో వ్యవహరింపబడుట భాషలో వింత కాదు. అయినను దేవాలయములో అర్చకుడు, పాఠశాలలో గణితోపాధ్యాయుడు, అంగడిలో వడ్డీవ్యాపారి, ఈ మువ్వురును తమ తమ పనికి ఆధారమైన వస్తువును ఒకే మాటతో పిలుచుట మాత్రము ఆలోచింపదగిన విషయము. ఆ మాట 'మూలము'. అర్చకుడు 'మూలవిరాట్టు' అనును. ఉపాధ్యాయుడు 'వర్గమూలము' అనును. వ్యాపారి 'మూలధనము' అనును. పంచాంగకర్తకు మూలా నక్షత్రము కలదు, వైద్యునకు దశమూలములు కలవు, పండితునకు మూలగ్రంథము కలదు. సామాన్యులు సైతము "వాన లేనందు మూలమున పంట పోయినది" అని దినదినమును ఆ మాటను వాడుచునే యున్నారు. ఇన్ని చోట్ల తిరిగిన ఈ మాట ఎక్కడ పుట్టినది, గణితములో ఎట్లు ప్రవేశించినది, దానిని సరిగా గ్రహించుట వలన పల్లెవానికి కలుగు ప్రయోజన మేమి అనునవి ఈ వ్యాసమున విచారింపబడును.

మహానంది ప్రాంతమువారికి ఈ మాట అర్థము కన్నులకు కట్టినట్లు కానవచ్చును. నంద్యాలకు దాదాపు 15 కిలోమీటర్ల దూరమున, నల్లమల కొండల పాదమున ఉన్న ఈ క్షేత్రము చిరకాలము కర్నూలు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4 నుండి నంద్యాల జిల్లాలో చేరినది. ఇక్కడ మహానందీశ్వరుడును, కామేశ్వరీదేవియు వెలసియున్నారు. ఆలయ ప్రాకారములో రుద్రగుండము, ద్వారము చెంత బ్రహ్మగుండము, విష్ణుగుండము అను నీటి కుండములు కలవు. గర్భాలయమునందలి లింగము క్రింద నుండి నీరు ఊరుచున్నదని భక్తుల విశ్వాసము. సుమారు అయిదడుగుల లోతున ఆ నీరు నిలకడగా నుండును. అడుగున పడిన నాణెము పైకి స్పష్టముగా కానవచ్చును. నల్లమలపై కురిసిన వాన రాతి పగుళ్ళలో ఇంకి, కొండ దిగువన ఊటయై వెలువడుచున్నది. ఆ నీరే ఆలయము దాటి కాలువలై పారి అరటితోటలకును వరిమడులకును ఆధారమగుచున్నది. చుట్టుపట్ల వానకై ఆకాశము చూచు మెట్టభూములు. నడుమ ఈ పచ్చదనము. పైకి కనుపించునది తోట. దానికి కారణము కనుపించని ఊట. కనుపించుదానికి కనుపింపక ఆధారమైనది ఏదో అదియే మూలము.

సంస్కృతమున మూలమనగా మొట్టమొదటి అర్థము చెట్టు వేరు. తక్కిన అర్థములన్నియు ఆ వేరు నుండి పుట్టిన కొమ్మలే. నల్లమలలో చెంచులు త్రవ్వి తెచ్చు దుంపలు, వేళ్ళు, వైద్యులు వాడు 'మూలికలు' ఈ మొదటి అర్థమునే నిలుపుకొన్నవి. ముల్లంగికి సంస్కృతములో 'మూలకము' అని పేరు. వేరునే తినెడి కూర గనుక ఆ పేరు వచ్చినది. తెలుగులో దీనికి సరియైన మాట 'మొదలు'. చెట్టు మొదలు, పని మొదలు, అప్పు మొదలు అని తెలుగువారు అనుచున్నారు. సంస్కృతము వేరుకు పట్టిన బాటలోనే తెలుగును చెట్టు మొదటికి పట్టినది. 1820లో కడపకు వచ్చి తెలుగు నేర్చిన సి. పి. బ్రౌను 1852లో వెలువరించిన తెలుగు - ఇంగ్లీషు నిఘంటువులో 'మొదలు' అను మాటకు ఆరంభము, వేరు, వడ్డీకి పెట్టిన సొమ్ము అను అర్థములు మూడును కలవు.

ఇచ్చట ఒక పొరపాటును నివారింపవలెను. ఇంటి మూల, ఈశాన్యపు మూల అనునప్పటి 'మూల' వేరు మాట. అది ద్రావిడ భాషలకు సొంతమైనది; దానికి కోణము అని అర్థము. వర్గమూలమనగా చతురస్రపు మూల అని కొందరు పిల్లలు భావింతురు. అది సరి కాదు. వర్గమూలమనగా చతురస్రమునకు వేరు. పలుకుబడిలో పోలిక యుండుటయే గాని ఈ రెండు మాటలకు చుట్టరికము లేదు.

మతవిషయములలో మూలశబ్దము వ్యాపించిన తీరు మిక్కిలి విశాలమైనది. దేవాలయమున గర్భగృహములో ప్రతిష్ఠింపబడి కదలక యుండు మూర్తి మూలవిరాట్టు. ఉత్సవములలో పల్లకిపైనను రథముపైనను ఊరేగునది ఉత్సవమూర్తి. మహాశివరాత్రి బ్రహ్మోత్సవములకు మహానంది వచ్చినవారు వీధిలో దర్శించునది ఉత్సవమూర్తినే. ఆ వైభవమునకు ఆధారమైన మూలమూర్తి తన స్థానము నుండి కదలదు. శివాలయములలో ప్రధాన స్థానమునకు 'మూలస్థానము' అని పేరు. నెల్లూరిలో మూలస్థానేశ్వరస్వామి ఆలయమును బట్టియే మూలాపేట అను పేట పేరు ఏర్పడినది. మంత్రశాస్త్రమున మూలమంత్రము, యోగశాస్త్రమున మూలాధారము, సాంఖ్యమున మూలప్రకృతి కలవు. భగవద్గీత 15వ అధ్యాయమున సంసారము తలక్రిందుగా నిలిచిన అశ్వత్థవృక్షముగా వర్ణింపబడినది. దాని వేరు పైనను, కొమ్మలు క్రిందను ఉన్నవి. అశ్విని మొదలుగా లెక్కించిన 19వ నక్షత్రము మూల. శరన్నవరాత్రులలో మూలా నక్షత్రము నాడు పుస్తకములను ఉంచి సరస్వతిని పూజించుట తెలుగునాట ఆచారము.

ఇక గణితమున ఈ మాట ప్రవేశించుటకు పూర్వమే, ఆ మాట చెప్పు విషయము యజ్ఞశాలలో పుట్టినది. వేదకర్మలకు అగ్నివేదికలను నియమితమైన ఆకారములలో, నియమితమైన వైశాల్యముతో నిర్మింపవలసి యుండెను. ఆ నిర్మాణవిధులను తెలుపునవి శుల్బసూత్రములు, శుల్బమనగా త్రాడు. బౌధాయనుడు, ఆపస్తంబుడు మున్నగువారి పేర నున్న ఈ సూత్రములు క్రీస్తుకు పూర్వపు శతాబ్దముల నాటివి. తెలుగు వైదికులలో పెక్కురకు ఆపస్తంబ సూత్రమే ప్రమాణము. నల్లమలకు ఆవలి అంచున, కృష్ణాతీరమందలి విజయపురి నుండి 3వ శతాబ్దిలో ఏలిన ఇక్ష్వాకురాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అగ్నిష్టోమ, వాజపేయ, అశ్వమేధములను చేసినట్లు నాగార్జునకొండ శాసనములు చెప్పుచున్నవి. ఆ రాజు పేరులో సైతము మూలశబ్ద ముండుట గమనింపదగినది.

ఒక చదరపు వేదిక కలదు. దాని వైశాల్యమునకు సరిగా రెట్టింపు వైశాల్యము గల చదరపు వేదికను నిర్మింపవలెను. ప్రక్కను రెట్టింపు చేసినచో వైశాల్యము నాలుగింతలగును, అది పొరపాటు. మొదటి చదరమునకు ఒక మూల నుండి ఎదుటి మూలకు త్రాడు లాగి, ఆ త్రాటి పొడవునే ప్రక్కగా గొని క్రొత్త చదరము కట్టినచో వైశాల్యము సరిగా రెట్టింపగును. దీనిని పొలములో మేకులు నాటి ఏ రైతైనను పరీక్షింపవచ్చును. ఆ త్రాటి పొడవును అంకెలలో చెప్పుటకు శుల్బకారులు ఒక లెక్క కట్టిరి. దాని ప్రకారము ప్రక్క 408 అంగుళములైనచో మూల నుండి మూలకు త్రాడు 577 అంగుళములు. నేటి గణితముతో సరిచూచిన ఈ లెక్కలో వచ్చు తేడా అంగుళములో వెయ్యవ వంతు కూడ లేదు. రెండు యొక్క వర్గమూలము అని నేడు చెప్పునది ఇదియే. అయితే శుల్బసూత్రములలో దీనికి 'ద్వికరణి' అని పేరు. కరణి యనగా చేయునది, చదరమును చేయు త్రాడు. అనగా యజ్ఞము నుండి గణితమునకు విషయము సంక్రమించినదే గాని, మూలమను పేరు ఆనాటికి రాలేదు.

ఆ పేరు కనుపించు ప్రాచీన గ్రంథములలో ఒకటి జైనుల ఆగమమైన అనుయోగద్వార సూత్రము. అదియు మతగ్రంథమే. జీవుల సంఖ్య ఎంత అను ప్రశ్న జైనులకు మతసంబంధమైనది. దానికి సమాధానము చెప్పుటకు పెద్ద పెద్ద సంఖ్యలు కావలసివచ్చినవి. రెండును రెంటితో గుణించిన నాలుగు, నాలుగును నాలుగుతో గుణించిన పదునారు, పదునారును పదునారుతో గుణించిన 256. ఇట్లు వర్గముపై వర్గము చేయుచు పోయి, అయిదవ వర్గమును ఆరవ వర్గముతో గుణించిన వచ్చు సంఖ్య మానవుల సంఖ్య అని ఆ గ్రంథము చెప్పుచున్నది. ఆ సంఖ్యలో 29 అంకెలుండును. ఆ గ్రంథముననే వర్గములకు ప్రతిగా ప్రథమ వర్గమూలము, ద్వితీయ వర్గమూలము అను మాటలును కలవు. వర్గము పైకి పెరుగుట. మూలము క్రిందికి దిగి, పెరిగినది ఎచ్చటి నుండి పెరిగినదో కనుగొనుట.

ఈ పేరు ఎంత సహజమో ఒక చిన్న ఉదాహరణమున తేటపడును. నంద్యాల, మహానంది ప్రాంతములలో ప్రథమనంది, నాగనంది, సోమనంది, సూర్యనంది, శివనంది, కృష్ణనంది, మహానంది, వినాయకనంది, గరుడనంది అని నవనందులు ప్రసిద్ధములు. ఆ తొమ్మిదింటి పేర తొమ్మిది దీపములు వెలిగించి వరుసకు మూడు చొప్పున మూడు వరుసలుగా పెట్టినచో చక్కని చదరమగును. చూపరి లెక్కించునది తొమ్మిది. కాని ఆ చదరమును నిలబెట్టినది దాని ప్రక్కనున్న మూడు. తొమ్మిది చెట్టు, మూడు వేరు. ఎనిమిది దీపములనో పది దీపములనో ఇట్లు చదరముగా పేర్చుటకు వీలు లేదు. ఇందు నందుల మహిమను లెక్కతో నిరూపించుట లేదు. లెక్కను బోధపరచుటకు తెలిసిన సంఖ్యను చూపుట మాత్రమే జరిగినది.

క్రీ. శ. 499లో, తన ఇరువది మూడవ యేట, ఆర్యభటుడు ఆర్యభటీయమును రచించెను. అందలి గణితపాదములో ఏ సంఖ్యకైనను వర్గమూలము కనుగొను పద్ధతి ఒకే శ్లోకమున చెప్పబడినది. ఆ పద్ధతిని 1225 అను సంఖ్యపై చూడవచ్చును. కుడి నుండి రెండేసి అంకెలుగా విడదీసిన 12, 25 అగును. 12లో ఇముడు పెద్ద వర్గము 9. దాని మూలము 3. 12 నుండి 9 తీసివేయగా మిగిలినది 3. ప్రక్క అంకె 2ను దించగా 32. దీనిని మూలమునకు రెట్టింపైన 6తో భాగింపగా 5 వచ్చును, 2 మిగులును. తరువాతి 5ను దించగా 25; దాని నుండి 5 యొక్క వర్గమైన 25 తీసివేయగా శూన్యము. కావున 1225కు మూలము 35. నేటి పాఠశాలలలో అంకెలను జంటలుగా విడదీసి చేయు పద్ధతి దీనికి అతి సన్నిహితమైనది. పదునైదు శతాబ్దములు గడచినను ఆ వేరు ఎండిపోలేదు.

ఈ విద్య తెలుగునకు వచ్చిన త్రోవ సైతము తెలియదగినది. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడను జైనపండితుడు గణితసారసంగ్రహమును రచించెను. అందలి ఎనిమిది పరికర్మలలో వర్గమూలము, ఘనమూలము చేరియున్నవి. ఋణసంఖ్య ఏ సంఖ్యకును వర్గము కాజాలదు గనుక దానికి వర్గమూలము లేదని మహావీరుడు స్పష్టముగా చెప్పెను. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలో సారసంగ్రహ గణితముగా రచించెను. తెలుగులో తొలి గణితగ్రంథముగా అది ప్రసిద్ధము. జైనసంబంధమైన విషయములున్న చోట్ల మల్లన శైవసంబంధమైనవి చేర్చెనని సాహిత్య చరిత్రకారులు చెప్పుదురు. దేవుని పేరు మారినది, లెక్క మారలేదు. మతభేదము దాటి విద్య చేతులు మారిన తీరునకు ఇది చక్కని నిదర్శనము.

పడమటి దేశములలోను వర్గమూలమునకు వేరు అనియే పేరు. బాగ్దాదు నగరమున 820 ప్రాంతములో బీజగణితము రచించిన అల్ ఖ్వారిజ్మీ దీనిని 'జిద్ర్' అనెను. అరబ్బీలో దానికి వేరని అర్థము. 12వ శతాబ్దిలో ఆ గ్రంథము లాటిన్ భాషలోకి రాగా 'రాడిక్స్' అయినది. దానికిని వేరే అర్థము. ఇంగ్లీషులో 'రూట్' అయినది. ముల్లంగికి ఇంగ్లీషున 'రాడిష్' అను పేరు ఆ రాడిక్స్ నుండియే వచ్చినది. సంస్కృతమున మూలము నుండి మూలకము వచ్చినట్లే. అరబ్బుల మాట సంస్కృత మూలశబ్దమునకు అనువాదమని విభూతిభూషణ దత్త, అవధేశనారాయణ సింగ్ అను చరిత్రకారులు అభిప్రాయపడిరి. అరబ్బు విద్వాంసులు ఈ మాటను ఎరుగుదురనుటకు మాత్రము సందేహము లేదు. 1030 ప్రాంతమున భారతదేశమును గూర్చి గ్రంథము వ్రాసిన గణితజ్ఞుడు అల్ బిరూనీ, ముల్తాను నగరము పేరు మూలస్థానము నుండి వచ్చినదనియు, మూలమనగా వేరు, పుట్టుక అనియు వివరించెను. నేడు వర్గమూలమునకు వాడు గుర్తు 1525లో జర్మనీదేశపు క్రిస్టాఫ్ రుడాల్ఫ్ గ్రంథములో మొదట అచ్చయినది.

గుడి, బడి చూచిన తరువాత అంగడి మిగిలినది. అప్పుగా ఇచ్చిన సొమ్మునకు సంస్కృతమున మూలము లేక మూలధనము అని పేరు. దానిపై వచ్చునది ఫలము, అనగా పండు, లేక వృద్ధి, అనగా పెరుగుదల. ఆర్యభటీయమునందే ఒక శ్లోకము వడ్డీ లెక్కను గూర్చినది. అందు మూలశబ్దము ఒకచోట అప్పు మొత్తమునకు, మరియొకచోట వర్గమూలమునకు వాడబడినది. ఆ లెక్క ఇట్టిది: నూరు రూపాయలు వడ్డీకి ఇచ్చిరి. ఒక నెలకు వచ్చిన వడ్డీ ఎంతయో తెలియదు. ఆ వడ్డీ సొమ్మునే అదే ధరకు నాలుగు నెలలు మరల అప్పిచ్చిరి. ఆ వడ్డీయు, దానిపై వచ్చిన వడ్డీయు కలిపి ఆరు రూపాయలైనవి. మొదటి నెల వడ్డీ ఎంత? ఆరును నూటితోను నాలుగుతోను గుణింపగా 2400. అప్పులో సగమైన 50 యొక్క వర్గము 2500. రెండును కలుపగా 4900. దాని వర్గమూలము 70. అందు 50 తీసివేయగా 20. నాలుగుతో భాగింపగా 5. కావున నెలకు వడ్డీ అయిదు రూపాయలు. సరిచూడగా, అయిదు రూపాయలకు నాలుగు నెలల వడ్డీ ఒక రూపాయి, మొత్తము ఆరు. గణితశాస్త్రపు మూలమును, అప్పుపత్రపు మూలమును ఒకే లెక్కలో ఇట్లు కలిసినవి.

నవాబుల పాలనలో నున్న కాలమున ఈ సీమ వ్యవహారములోనికి అరబ్బీ, పారసీ మాటలు పెక్కు వచ్చినవి. కర్నూలు నవాబుల పాలన 1839 వరకు సాగినది. జమ, ఖర్చు, బాకీ, వసూలు అనునవి ఆ మాటలే. 'అసలు' కూడ అట్టిదే. అరబ్బీలో దానికి వేరు, పుట్టుక అని అర్థము. 'వడ్డీ' మాత్రము సంస్కృత వృద్ధిశబ్దము ప్రాకృతము ద్వారా మారి వచ్చిన రూపము. కావున అసలు, వడ్డీ అని పల్లెలో పలికినప్పుడెల్లను పలుకువారు తెలియకయే వేరు, పెరుగుదల అని పలుకుచున్నారు. మూలము, మొదలు, అసలు. సంస్కృతము, తెలుగు, అరబ్బీ. మూడు భాషలును అప్పును చెట్టుగనే చూచినవి.

కాని ఈ చెట్టునకు ఒక వింత గుణము కలదు. కొమ్మను నరికి పాతి, అదియే వేరని చెప్పుటకు వీలున్నది. పత్రము తిరుగవ్రాయుట యనగా ఇదియే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీపై ఒక రైతు నూరు రూపాయలు తీసికొనెననుకొందము. ఏడాదికి 24 రూపాయలు వడ్డీ. కట్టలేక క్రొత్త పత్రము వ్రాయును. అందు అసలు 124 రూపాయలు. రెండవ ఏడు మరల వ్రాసినచో 153 రూపాయల 76 పైసలు. మూడవ ఏడు 190 రూపాయల 66 పైసలు. ఈ చివరి పత్రమును మాత్రమే చూచువానికి అసలు 190 రూపాయలుగా కానవచ్చును. నిజమైన మూలము నూరే. తక్కినది యంతయు అసలు వేషము వేసిన వడ్డీ. వానలు లేక పంటలు చెడిన ఏండ్లలో మెట్టసీమ రైతునకు ఇట్టి పత్రములు ఎంతటి భారమో చెప్పనక్కరలేదు.

ఇక్కడనే పాఠశాలలో నేర్చిన వర్గమూలము అక్కరకు వచ్చును. నూరు రూపాయలు రెండేండ్లలో 153 రూపాయల 76 పైసలైనవని మాత్రమే తెలిసి, ఏ ధరకు పెరిగినవో తెలియనిచో, 15376కు పైన చెప్పిన ఆర్యభటుని పద్ధతిలోనే మూలము కట్టవలెను. అది 124. అనగా ఏడాదికి నూరు 124 అయినది; వడ్డీ నూటికి 24. మూడేండ్ల మొత్తము తెలిసినచో ఘనమూలము అదే ధరను చెప్పును. పెరిగిన చెట్టును చూచి వేరును కనుగొను విద్య ఇది. పిల్లలు పరీక్షకొరకు మాత్రమే వల్లించి మరచు లెక్క, నిజమునకు ఇంటి తలుపు కాచు లెక్క.

ధర్మశాస్త్రములు సైతము ఈ విషయమును విడువలేదు. ఒకేసారి తీసికొను వడ్డీ అసలుకు మించరాదని, అనగా మొత్తము అసలుకు రెట్టింపు దాటరాదని మనుస్మృతి విధించినది. కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు రాజధానిలో నున్న కాలమున, 1938లో, చక్రవర్తి రాజగోపాలాచారి ప్రభుత్వము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టమును తెచ్చినది. అసలుకు రెట్టింపు సొమ్మును రైతు అప్పటికే చెల్లించియున్నచో, ఆ పాత అప్పు పూర్తిగా తీరినట్లే యని అందు ఒక నిబంధన కలదు. అయితే ఏది అసలు? చివరి పత్రములో వ్రాసినదా? కాదు. పత్రము ఎన్నిమార్లు తిరుగవ్రాసినను, మొట్టమొదట ఇచ్చిన సొమ్మును, తరువాత నిజముగా చేతికి ఇచ్చిన సొమ్మును మాత్రమే అసలుగా గ్రహింపవలెనని ఆ చట్టము వివరించినది. శాస్త్రము వలెనే చట్టమును కొమ్మలను విడిచి వేరును వెదకినది. మూలమను మాటకు సరియైన అర్థము నిర్ణయించుటలో ఎన్నియో కుటుంబముల భూములు, ఇండ్లు ఇమిడియుండెనని దీని వలన తెలియుచున్నది.

ఈ మాట చరిత్రను చూచి కొందరు రెండు విధములుగా పొరపడుదురు. గుడిలోను గణితములోను ఒకే మాట యున్నది గనుక గణితమంతయు మతమే యని కొందరందురు. గణితమునకు మతముతో ఎన్నడును పొత్తు లేదని మరికొందరందురు. చరిత్ర ఈ రెంటిని అంగీకరింపదు. యజ్ఞవేదిక వలన శుల్బగణితము పెరిగినది. జీవుల సంఖ్య కొరకు జైనులు వర్గములను లెక్కించిరి. ఇవి కాదనరాని విషయములు. కాని 1225కు మూలము 35 అనుట శైవునకును, జైనునకును, మహమ్మదీయునకును, క్రైస్తవునకును ఒక్కటే. మూలవిరాట్టు దర్శనము భక్తితో లభించును. వర్గమూలము అభ్యాసముతో లభించును. ఒకదానిని మరియొకదానితో కొలువరాదు. మాట మాత్రము ఇరువురకును పొలము నుండియే వచ్చినది. వేరు లేక చెట్టు లేదని రైతు కనుగొన్న సత్యమును అర్చకుడును గణకుడును చెరియొక విధముగా స్వీకరించిరి.

గ్రంథాలయమునకు సంబంధించిన అర్థము ఒకటి మిగిలియున్నది. వ్యాఖ్యానము కాక గ్రంథకర్త స్వయముగా వ్రాసిన దానిని మూలమందురు. అనువాదమునకు ఆధారమైన గ్రంథమును మూలమనియే యందురు. బౌద్ధాచార్యుడు నాగార్జునుని ప్రధానగ్రంథము మూలమధ్యమకకారికగా ప్రసిద్ధి చెందినది. ఒకరు చెప్పగా విని, మరియొకరు వ్రాయగా చూచి, తుదకు గ్రంథములో నిజముగా ఏమున్నదో తెలియక పోవుట తరచుగా జరుగుచుండును. అప్పుపత్రములో వడ్డీ అసలుగా మారినట్లే, విద్యలో వ్యాఖ్య మూలముగా మారుచుండును. దానికి మందు మూలమును తెరచి చూచుటయే. ఆ అవకాశము పూర్వము కొలదిమందికే యుండెను. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని నెలకొల్పి శాస్త్రవిషయములను తెలుగున ప్రకటించిరి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య ప్రభృతుల కృషితో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడి, పల్లెపల్లెకు గ్రంథాలయములు రావలెనను ఉద్యమము బలపడినది. 1968లో తెలుగు అకాడమీ వెలసి, ఉన్నతవిద్యకు తెలుగు పాఠ్యగ్రంథములను, పారిభాషిక పదములను సిద్ధపరచినది. వర్గమూలము వంటి మాటలు నేడు పల్లె బిడ్డకు అందుబాటులో నుండుట ఇట్టి కృషుల ఫలితమే.

కావున పిల్లలకు వర్గమూలము చెప్పునప్పుడు దానిని అర్థములేని గుర్తుగా చెప్పక, చెట్టు వేరును చూపి, మహానంది ఊటను చూపి, ఇంటిలోని అప్పుపత్రమును చూపి చెప్పుట మేలు. తెలిసిన మాట అని గ్రహించిన పిల్లవానికి భయము తొలగును. పెద్దలును ఏ పత్రముపై వ్రేలిముద్ర వేయుటకు ముందైనను, ఏ మాటను నమ్ముటకు ముందైనను, దీని మూలమేమి అని అడుగుట అలవరచుకొనవలెను. కాలువ నీరు కలకబారినచో రైతు కాలువ వెంట పైకి నడచి, ఊట దాక పోయి చూచును. చదువునందును లెక్కయందును చేయవలసిన పని అదియే. ఇరువదియైదు సంవత్సరములుగా ఊరి నడుమ తెరచియున్న గ్రంథాలయపు తలుపు ఆ నడకకు దారి చూపుచున్నది, నడువవలసినవారు పాఠకులు.